అంకె అబద్ధమాడినపుడు

తిరుపతి పట్టణమునుండి అలిపిరికి పోవు బాటలోనే రుయా ఆసుపత్రియు, స్విమ్స్ సంస్థయు, కొండ పాదమున 2022లో ఆరంభమైన టాటా ట్రస్టువారి కాన్సరు ఆసుపత్రియు నెలకొనియుండుటచేత, చుట్టుపట్టుల పల్లెలనుండి వచ్చు రోగుల రక్తము, ఊదారంగు మూత గొట్టములలో, జనులు సీబీపీ యని పిలుచు పరీక్షకై నిత్యము ఇచటి యంత్రములను చేరుచుండును. ఫలితము వచ్చినంతనే అందఱి చూపు మొదట పడునది హిమోగ్లోబిన్ అంకెపైననే.

యంత్రము ఆ అంకెను సాధించు రీతి సరళమైనది. ఒక రసాయన ద్రవము ఎఱ్ఱకణములను భేదించి హిమోగ్లోబిన్‌ను వెలికి దీయును; ఆ ద్రావణముగుండ 540 నానోమీటర్ల ప్రాంతపు పచ్చని కాంతిని పంపి, ఎంత కాంతి హరింపబడెనో దానినిబట్టి హిమోగ్లోబిన్‌ను గణింతురు. అయితే కాంతిని అడ్డగించునది హిమోగ్లోబిన్ ఒక్కటియే కాదు. రక్తమున కొవ్వు మిక్కుటమై ప్లాస్మా పాలవలె తెల్లబాఱినను, కొందఱు ల్యుకేమియా రోగులలోవలె తెల్లకణములు లక్షకు మీఱి పెరిగినను, ద్రావణము మసకబాఱును. ఆ మసకనుగూడ యంత్రము హిమోగ్లోబిన్‌గానే లెక్కించును. 6.5 ఉన్న రోగికి 8.5 యని వచ్చినచో, ఎక్కింపవలసిన రక్తము ఎక్కింపకపోవు ప్రమాదము కలదు. తక్కువ చూపు దోషముకన్న ఎక్కువ చూపు దోషమే భయావహమని నా అభిప్రాయము, ఏలయన ఊరట కలిగించు అంకెను తిరిగి పరిశీలింప నెవరికిని తోచదు.

అదృష్టవశమున ఆ కాగితముపైననే ఒక సాక్షి కలదు. హిమోగ్లోబిన్‌ను హిమటోక్రిట్‌చే, అనగా రక్తమున ఎఱ్ఱకణములు ఆక్రమించు పాలుచే, భాగింపగా వచ్చు ఎం.సి.హెచ్.సి. సామాన్యముగ 32, 36 నడుమ నుండును. కణము తనలో ఇముడ్చుకొనగల హిమోగ్లోబిన్‌కు ఒక మేర యున్నది గనుక, అది 37ను దాటినంతనే నేర్పరియైన టెక్నీషియన్ సందేహించి, మొదట విలువ ముందే తెలిసిన కంట్రోల్ శాంపిల్‌ను నడపి చూచును. అదియు తప్పినచో దోషము యంత్రమునదో, రసాయనమునదో. అది సరిగా వచ్చినచో రక్తమునే పరీక్షింపవలెను. ప్లాస్మా తెల్లగ నున్నచో దానిని తొలగించి, అంతే పరిమాణపు సెలైన్ చేర్చి మరల నడుపుదురు. చలికి ఎఱ్ఱకణములు గుంపుగూడు రోగులలో మాత్రము హిమోగ్లోబిన్ సత్యమే, కణముల లెక్కయే తప్పు. గొట్టమును 37 డిగ్రీల వెచ్చదనమున కొంతసేపుంచిన అది చక్కబడును.

సెలైన్ ఎక్కుచున్న చేతినుండి తీసిన రక్తము విషయమున ఈ సాక్షియు మౌనము వహించును, అన్నియు సమముగనే పలుచబడును గావున. నిన్న 11 ఉన్న హిమోగ్లోబిన్ రక్తస్రావమేదియు లేకయే నేడు 7కు దిగినచో, యంత్రమును విప్పుటకు ముందు వార్డుకు ఫోను చేసి ఏ చేతినుండి తీసిరో అడిగి, రెండవ చేతినుండి మరల తెప్పింపవలెను.