మోకాలి పరీక్షలో తేడా కనిపిస్తే ఆట మానిపించాలా?



"మా అమ్మాయి మోకాళ్ళు పరీక్ష చేయండమ్మా, బాగోకపోతే కబడ్డీ మానిపించేస్తాం" అని అడిగే తల్లులున్నారు. వారికి నా జవాబు ఇది.

మోకాలి లోపల తొడ ఎముకను, కాలి ఎముకను పట్టి ఉంచే తాడులాంటి లిగమెంటు ఉంటుంది. ఎగిరి దిగినప్పుడు, పరుగులో గభాలున తిరిగినప్పుడు, ఎవరూ తగలకుండానే అది తెగవచ్చు. ఒకే ఆట ఆడే మగపిల్లలకంటే ఆడపిల్లలకు ఈ ప్రమాదం రెండు మూడు రెట్లు ఎక్కువ.

మన అమలాపురం సాత్విక్ సాయిరాజ్ శిక్షణ పొందిన హైదరాబాదు అకాడమీ పుల్లెల గోపీచంద్ గారిది. 1994లో గోపీచంద్ గారికి ఆడుతుండగా ఈ లిగమెంటే తెగింది. శస్త్రచికిత్సలు, ఓపికగా వ్యాయామం చేసి, 2001లో ఆల్ ఇంగ్లండ్ గెలిచారు.

పరీక్ష ఎలా చేస్తారు?

అడుగు ఎత్తు పీట మీదనుంచి దిగి, వెంటనే పైకి ఎగరమంటారు. దిగేటప్పుడు మోకాళ్ళు ఒకదానివైపు ఒకటి వాలుతున్నాయా, కాళ్ళు వంచకుండా బిగుసుకుని దిగుతున్నారా అని ఫిజియోథెరపిస్టు గమనిస్తారు.

అది ఏం చెబుతుంది?

2005లో అమెరికాలో 205 మంది క్రీడాకారిణులను ఇలా పరీక్షించారు. తరువాత లిగమెంటు తెగిన 9 మందికి మోకాళ్ళు ఎక్కువగా లోపలికి వాలినట్లు తేలింది. అయితే 2016లో వెలువడిన నార్వే పరిశోధన ఇంకా పెద్దది. అందులో ఎవరికి తెగుతుందో ఈ పరీక్ష ముందుగా చెప్పలేకపోయింది. కాబట్టి పరీక్ష బాగుంటే ధీమా వద్దు. తేడా ఉంటే ఆట మానిపించనక్కరలేదు, దిగే పద్ధతి నేర్పించాలి.

అందరూ చేయవలసినవి

వారానికి రెండు మూడుసార్లు, ఆటకు ముందు 15–20 నిమిషాలు:

1. నెమ్మదిగా పరుగు.
2. గుంజీలు, మోకాలు పాదం వేళ్ళ వరుసలోనే ఉంచి.
3. ఒంటికాలిపై నిలబడడం.
4. ఎగిరి, మోకాళ్ళు వంచి, చప్పుడు కాకుండా దిగడం.

ఇలాంటి వ్యాయామాలు క్రమంగా చేసిన ఆడపిల్లల్లో లిగమెంటు తెగడం సుమారు సగానికి తగ్గింది.

దెబ్బ తగిలితే

మోకాలిలో "టప్" మని శబ్దం, కొద్ది గంటల్లో వాపు, కాలు జారిపోతున్నట్లు ఉండడం దీని గుర్తులు. తోమించవద్దు, లాగించవద్దు. ఆట ఆపి, గుడ్డలో చుట్టిన ఐసు పెట్టి, డాక్టరుకు చూపించండి.

పీట మీదనుంచి ఒక్కసారి దిగిన తీరు చూసి పిల్ల ఆట ఆపేయకండి. దిగడం నేర్పించండి, ఆడనివ్వండి.

– నర్సింగ్ సూపరింటెండెంట్