బాల సాక్షుల వాంగ్మూల గది

నేరానికి గురైన లేదా నేరాన్ని కళ్ళారా చూసిన పిల్లలు బెరుకు లేకుండా జరిగినది చెప్పుటకు వీలుగా అమర్చిన గదిని బాల సాక్షుల వాంగ్మూల గది అంటారు. ఇటువంటి కేసులలో చాలాసార్లు పిల్లల మాటే ప్రధాన సాక్ష్యం. భయంతో బిడ్డ నోరు మెదపకపోతే న్యాయం జరగడం కష్టమవుతుంది.

నేపథ్యము

సాధారణ న్యాయస్థానంలో ఎత్తైన వేదిక, బోను, నల్లకోట్లు, ఎదురుగా నిందితుడు పిల్లలను కలవరపెడతాయి. 2004లో సాక్షి కేసు తీర్పులో సుప్రీంకోర్టు, బాధితులకు నిందితుడు కనబడకుండా తెర వంటి ఏర్పాటు ఉండాలని, పిల్లలకు తగినన్ని విరామాలు ఇవ్వాలని ఆదేశించింది. 2012 నవంబరు 14న అమలులోకి వచ్చిన పోక్సో చట్టం దీనిని మరింత విస్తరించింది. ఈ చట్టం ప్రకారం పోలీసు అధికారి యూనిఫారం లేకుండా, బిడ్డ ఇంటివద్ద గాని బిడ్డ కోరిన చోట గాని వాంగ్మూలం తీసుకోవాలి. న్యాయస్థానంలో న్యాయవాదుల ప్రశ్నలను న్యాయమూర్తే బిడ్డను అడుగుతారు.

గది అమరిక

* కుర్చీలు: బిడ్డ పాదాలు నేలకు ఆనేటంత ఎత్తులో ఉండాలి. అడిగేవారు కూడా అదే ఎత్తులో, ఎదురెదురుగా కాక కొంచెం ఏటవాలుగా కూర్చుంటారు. మధ్యలో పెద్ద బల్ల ఉండరాదు.
* తలుపు: బిడ్డకు కనబడుతూ ఉండాలి. దారికి అడ్డంగా ఎవరూ కూర్చోరాదు.
* బొమ్మలు: ఎక్కువైతే బిడ్డ దృష్టి ఆటపైకి మళ్ళుతుంది. కాగితం, రంగు పెన్సిళ్ళు చాలు.
* శబ్దము: బయటి మాటలు లోపలికి, లోపలి మాటలు బయటికి వినిపించరాదు.
* కెమెరా: మాటలు రికార్డు అవుతున్నట్లు బిడ్డకు ముందే చెప్పాలి. ఒకసారి రికార్డు చేస్తే, అదే బాధను పలువురికి పదే పదే చెప్పవలసిన అవసరం తగ్గుతుంది.
* వేచియుండే గది, ద్వారము: నిందితుడు, అతని బంధువులు ఎదురుపడకుండా వేరుగా ఉండాలి. మంచినీరు, మరుగుదొడ్డి దగ్గరలో ఉండాలి.

విస్తరణ

ఐస్‌లాండ్ దేశంలో 1998లో ప్రారంభమైన 'బార్నాహుస్' (పిల్లల ఇల్లు) విచారణ, వైద్యం, ఓదార్పు ఒకే కప్పు క్రిందకు తెచ్చింది. హైదరాబాదులో 2016లో పోలీసులు ప్రారంభించిన భరోసా కేంద్రం కూడా ఇటువంటి ఆలోచనతో ఏర్పడినదే. ప్రతి జిల్లాలోను ప్రత్యేక వాంగ్మూల కేంద్రం నెలకొల్పాలని 2022లో సుప్రీంకోర్టు ఆదేశించింది.

పరిమితులు

గది ఎంత చక్కగా ఉన్నా, అడిగే తీరు సరిగా లేకపోతే ప్రయోజనం లేదు. "అతను నిన్ను కొట్టాడు కదా?" వంటి ప్రశ్న జవాబును బిడ్డ నోటికి అందిస్తుంది. అటువంటి సాక్ష్యం న్యాయస్థానంలో నిలవకపోవచ్చు, నిరపరాధికి శిక్ష పడే ప్రమాదమూ ఉంటుంది. "ఏమి జరిగిందో చెప్పమ్మా" అని అడిగి, ఓపికగా వినడమే సరైన పద్ధతి.