విశ్రాంత జీవితానికి విదేశీ నివాస వీసాలు: తులనాత్మక పరిశీలన

లక్ష్యాలు

ఈ భాగం చదివిన తరువాత మీరు:
- విశ్రాంత వీసాకు, తల్లిదండ్రుల వీసాకు గల తేడాను వివరించగలుగుతారు.
- వివిధ దేశాల షరతులను రూపాయల్లోకి మార్చి పోల్చగలుగుతారు.
- విదేశీ నివాసం వల్ల స్వదేశంలో ఏమేమి మారతాయో గుర్తించగలుగుతారు.

1. పరిచయం

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం పట్టణాల్లో పిల్లలు విదేశాల్లో స్థిరపడిన కుటుంబాలు నేడు అరుదు కాదు. ఉద్యోగమో వ్యాపారమో ముగిసిన తరువాత "మనమూ అక్కడికే వెళ్లి ఉండిపోతే?" అన్న ప్రశ్న ఆ ఇళ్లలో ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది. చూసి రావడం వేరు, ఉండిపోవడం వేరు. వీసా నిబంధనలన్నీ ఈ తేడా మీదే నడుస్తాయి.

2. అర్హతకు రెండు ఆధారాలు

విశ్రాంత వీసాకు ఆధారం దరఖాస్తుదారు సొంత ఆదాయం లేదా పొదుపు. తల్లిదండ్రుల వీసాకు ఆధారం సంతానం హోదా, వారి సంపాదన. మన పిల్లలు ఎక్కువగా ఉన్న అమెరికాలో విశ్రాంత వీసా లేదు. బ్రిటన్ తన విశ్రాంత వీసాను కొత్తవారికి 2008లో మూసివేసింది. ఆస్ట్రేలియా కూడా పాత విశ్రాంత వీసాకు కొత్త దరఖాస్తులు తీసుకోవడం లేదు. ఇలాంటి వీసా ఇచ్చే థాయ్‌లాండ్, మలేషియా, పోర్చుగల్ వంటి దేశాల్లో మన పిల్లలు తక్కువ. పిల్లలున్న చోట వీసా లేదు, వీసా ఉన్న చోట పిల్లలు లేరు. గల్ఫ్‌లోని యు.ఏ.ఇ. కొంత మినహాయింపు.

3. సొంత డబ్బుతో వచ్చే వీసాలు

లెక్క కోసం డాలరును 90, యూరోను 100, దిర్హమ్‌ను 24.50, థాయ్ బాహ్త్‌ను 2.75 రూపాయలుగా తీసుకుందాం.

థాయ్‌లాండ్: వయసు 50 నిండాలి. బ్యాంకులో 8 లక్షల బాహ్త్ (22 లక్షల రూపాయలు) లేదా నెలకు 65,000 బాహ్త్ (1,78,750 రూపాయలు) ఆదాయం చూపాలి. అనుమతి ఏడాదికే. ప్రతి 90 రోజులకు చిరునామా తెలియజేయాలి.

మలేషియా: 2024లో సవరించిన పథకంలో వెండి శ్రేణికి 1,50,000 డాలర్లు (1 కోటి 35 లక్షల రూపాయలు) డిపాజిట్ చేయాలి. ఆపైన అక్కడ ఇల్లు కొనాలి. అనుమతి అయిదేళ్లు.

పోర్చుగల్: పింఛను, అద్దె వంటి స్థిరమైన రాబడి ఆ దేశపు కనీస వేతనానికి తగ్గకూడదు. 2025లో అది నెలకు 870 యూరోలు. జీవిత భాగస్వామికి అందులో సగం అదనం. దంపతులకు 1,305 యూరోలు, అంటే 1,30,500 రూపాయలు.

యు.ఏ.ఇ.: 55 ఏళ్లు దాటిన విశ్రాంత ఉద్యోగికి అయిదేళ్ల వీసా. ఆర్థిక అర్హత చూపే మార్గాల్లో ఒకటి 10 లక్షల దిర్హమ్‌ల పొదుపు, అంటే 2 కోట్ల 45 లక్షల రూపాయలు.

4. సంతానం ద్వారా వచ్చే వీసాలు

అమెరికా: 21 ఏళ్లు నిండిన పౌరులు మాత్రమే తల్లిదండ్రులకు గ్రీన్‌కార్డు కోరగలరు. హెచ్-1బి వీసాపై ఉన్నవారికి, చివరికి గ్రీన్‌కార్డు ఉన్నవారికి కూడా ఆ హక్కు లేదు. వారి తల్లిదండ్రులకు మిగిలేది సందర్శక వీసా. వీసా గడువు పదేళ్లున్నా, ఒక రాకకు సాధారణంగా ఆరు నెలలకు మించి ఉండనివ్వరు.

కెనడా: 2011లో వచ్చిన సూపర్ వీసాపై, 2022 నుంచి ఒక రాకకు అయిదేళ్ల వరకు ఉండవచ్చు. లక్ష కెనడా డాలర్ల వైద్య బీమా తప్పనిసరి. అయినా ఇది సందర్శక హోదాయే తప్ప స్థిర నివాసం కాదు.

ఆస్ట్రేలియా: తాత్కాలిక తల్లిదండ్రుల వీసా మూడేళ్లకు లేదా అయిదేళ్లకు ఇస్తారు. మొత్తం పదేళ్లు మించకూడదు.

5. మూడు ఊళ్లు, మూడు లెక్కలు

ఈ షరతులను మూడు ఊహాజనిత ఉదాహరణలకు అన్వయించి చూద్దాం.

హిందూపురం: విశ్రాంత ప్రధానోపాధ్యాయునికి నెలకు 50,000 రూపాయల పింఛను, కుమారుడు హెచ్-1బి మీద అమెరికాలో ఉన్నాడు. పింఛను థాయ్‌లాండ్ ఆదాయ షరతుకు చాలదు. గ్రాట్యుటీ దాచి ఉంటే పొదుపు షరతుకు సరిపోవచ్చు. కానీ అక్కడ కుమారుడు లేడు. అమెరికాకు సందర్శకుడిగానే వెళ్లాలి.

ధర్మవరం: పట్టుచీరల వ్యాపారి దంపతుల కుమార్తె కెనడా పౌరురాలు, తగిన సంపాదన ఉంది. వారికి సూపర్ వీసా దారి ఉంది. పోర్చుగల్ మాటకొస్తే, కొట్టు మీద వచ్చే లాభం స్థిర రాబడి కాదు. కొట్టు గదులపై వచ్చే అద్దె అవుతుంది. ఎంత సంపాదన అన్నదే కాదు, ఏ రకం సంపాదన అన్నదీ ముఖ్యం.

పెనుకొండ: కియా కార్ల కర్మాగారానికి దగ్గర్లో పొలం అమ్మిన రైతు చేతిలో పెద్ద మొత్తం ఉంది. మలేషియా డిపాజిట్ కట్టగలడు. రిజర్వు బ్యాంకు పథకం కింద ఏడాదికి ఒక్కొక్కరు 2,50,000 డాలర్లు పంపవచ్చు కాబట్టి ఆ అడ్డంకీ లేదు. అయితే ప్రవాస భారతీయుడైన తరువాత మనసు మారినా, ఆ హోదాలో ఉన్నంతకాలం ఇక్కడ సాగుభూమి కొనలేడు. ఉన్న పొలాన్ని ఉంచుకోవచ్చు గాని కొత్తది కొనే వీలు లేదు.

6. ఇక్కడ మారేవి

పింఛనుదారు ఏటా జీవన ధ్రువపత్రం సమర్పించాలి. విదేశంలో ఉంటే భారత రాయబార కార్యాలయం ద్వారా ఇవ్వవచ్చు. స్థిరపడటానికి దేశం విడిచినవారి పొదుపు ఖాతా ఎన్.ఆర్.ఓ. ఖాతాగా మారాలి. ఆర్థిక సంవత్సరంలో దేశంలో ఉన్న రోజులు 182కు తగ్గితే ఆదాయపు పన్ను హోదా మారవచ్చు. రాష్ట్ర ఉద్యోగుల ఆరోగ్య కార్డు విదేశీ ఆసుపత్రిలో పనిచేయదు. అమెరికాలో ఎన్నడూ ఉద్యోగం చేయని తల్లిదండ్రులు గ్రీన్‌కార్డు ఉన్నా మెడికేర్ బీమా కొనుక్కోవాలంటే 65 ఏళ్లు నిండి, అయిదేళ్లు అక్కడ నిరంతరం నివసించి ఉండాలి.

అన్నిటికన్నా తరచుగా మరచేది మరొకటుంది. వీసా భర్త పింఛను మీద వచ్చి, ఆయన ముందు కాలం చేస్తే, భార్య నివాస హక్కు ఏమవుతుంది? దరఖాస్తుకు ముందే ఆ దేశపు నిబంధనలో దీనికి సమాధానం వెతకాలి. పరాయి దేశంలో ఒంటరిగా మిగిలిన రోజున ఆ ప్రశ్న మొదటిసారి ఎదురు కాకూడదు.

7. సారాంశం

వీసాలను దేశం పేరుతో కాక అయిదు ప్రశ్నలతో పోల్చండి: ఆధారం ఎవరు? గడువెంత? ఎంత డబ్బు ఇరుక్కుంటుంది? వైద్యం ఖర్చు ఎవరిది? తిరిగి వస్తే ఇక్కడ ఏమి మిగులుతుంది? మొదటి నాలుగింటికి అనుకూలమైన జవాబులు వచ్చినా, అయిదోదానికి రాకపోతే ఇల్లు, పొలం అమ్మే ఆలోచన వాయిదా వేయడం మంచిది. నిబంధనలు తరచు మారతాయి కనుక దరఖాస్తు నాటి అధికారిక సమాచారాన్నే ప్రమాణంగా తీసుకోండి.

8. మీ ప్రగతిని పరిశీలించుకోండి

1. విశ్రాంత వీసాకు, తల్లిదండ్రుల వీసాకు గల ప్రధాన భేదమేమిటి?
2. నెలకు 90,000 రూపాయల అద్దె వచ్చే దంపతులు పోర్చుగల్ షరతుకు సరిపోతారా? లెక్కకట్టి చూపండి.
3. మీకు తెలిసిన ఒక కుటుంబానికి పై అయిదు ప్రశ్నలను అన్వయించి ఒక పుట రాయండి.