ఆరితేనే అసలు రంగు

తల్లి గులాబీ తోటలో కూలి... కూతురు చిత్రకళా విద్యార్థిని
హోసూరు పూలకు అక్రిలిక్‌ రూపం

హోసూరు: గులాబీ ఎరుపు చూసేవాళ్లకు ఒక్కటే రంగు. వేయడానికి కూర్చున్నవాళ్లకు మాత్రం అందులో గులాబీ రంగుంది, పసుపుంది, నీలం కూడా ఉంది. ఆ లెక్క తేల్చుకోవడానికే రెండేళ్లు పట్టిందంటోంది హోసూరు దగ్గర పల్లెకు చెందిన ఓ తెలుగింటి అమ్మాయి. బెంగళూరులో బీవీఏ మూడో ఏడాది చదువుతోంది. రోజూ అత్తిబెలె దాటి బస్సులో వెళ్లి వస్తుంది. తన పేరు రాయొద్దని, అమ్మ పనిచేసే తోట పేరు అసలే వద్దని ఆమె షరతు. ‘బొమ్మల గురించి ఎంతైనా అడగండి’ అంటుంది.

సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉన్న హోసూరు చల్లదనం గులాబీకి బాగా సరిపడింది. ఇక్కడి పాలీహౌస్‌లలో పెరిగే ‘తాజ్‌మహల్‌’ రకం ఎర్ర గులాబీలు ఫిబ్రవరిలో ప్రేమికుల రోజుకు విదేశాలకూ వెళ్తాయి. ఆ పూలను కాడ పొడవును బట్టి వేరుచేసి, 20 చొప్పున కట్టలు కట్టే పని ఆమె తల్లిది. కూతురు ఎంచుకున్న కథావస్తువు కూడా అదే. పాలీహౌస్‌ లోపలి వెలుతురు, కత్తిరించే కత్తెర, ముళ్లు గీరిన చేతులు, బకెట్లలో పూలు... ఇలా ఇప్పటికి ఆరు బొమ్మలు పూర్తయ్యాయి.

అమ్మే తొలి విమర్శకురాలు

అక్రిలిక్‌ రంగులు వాడుకలోకి వచ్చి ఎంతో కాలం కాలేదు. నీటితో కలుపుకునే రకం బజారులోకి వచ్చింది 1950ల మధ్యలోనే. తైలవర్ణం ఆరడానికి రోజులు పడితే, ఇది నిమిషాల్లో ఆరిపోతుంది. నూనె, టర్పెంటైన్‌ వాసన ఉండదు. రెండు గదుల ఇంట్లో, వంట చేసే చోటే బొమ్మ వేసుకునే విద్యార్థికి ఇంతకంటే అనువైనది లేదు. అయితే దీనికో గుణం ఉంది. రంగు తడిగా ఉన్నప్పుడు అందులోని బంక పాలలా తెల్లగా ఉంటుంది. ఆరాక అది అద్దంలా మారుతుంది. దాంతో తడిలో చూసిన రంగు ఆరేసరికి ఒక మెట్టు ముదురుతుంది.

ఈ సంగతి పుస్తకంలో చదివినా బుర్రకెక్కలేదని, అమ్మ చెప్పాకే అర్థమైందని నవ్వుతుంది ఆ అమ్మాయి. మొదటి బొమ్మలో పూలు రాత్రి వేసినప్పుడు తాజాగా మెరిశాయి. పొద్దున పనికి బయల్దేరుతూ తల్లి ఆగి చూసింది. ‘ఇవి నిన్నటి పూలు పాపా. వీటిని మేము పక్కన వేసేస్తాం’ అనేసింది. ఏళ్ల తరబడి రోజుకు వందల పూలు ఏరిన కన్ను అది. ఎరుపు ముదిరితే పువ్వుకు వయసు మీరినట్టే.

అప్పట్నుంచి ఏ రంగు కలిపినా ముందు చిన్న అట్టముక్క మీద పూసి, ఆరబెట్టి, అమ్మకు చూపించాకే బొమ్మ మీద పెడుతోంది. ఎరుపు నేరుగా వేయదు. ఎర్ర రంగుల్లో చాలావాటికి కింది రంగును కప్పే శక్తి తక్కువ. అందుకే ముందు తెలుపు కలిపిన గులాబీ రంగు, వెలుతురు పడే చోట పసుపు వేసి, అవి ఆరాక పైన పలచగా ఎరుపు పూస్తుంది. అప్పుడే రేక లోపల్నుంచి వెలిగినట్టు కనిపిస్తుంది. నీడకు నలుపు కలపదు. ఎరుపులో కాస్త నీలం, కాస్త ఆకుపచ్చ చాలంటుంది.

తోట సామానే స్టూడియో

పనిముట్లకు పెద్ద ఖర్చేమీ లేదు. కాన్వాసు కొనలేని రోజుల్లో హార్డ్‌బోర్డు ముక్కకు రెండు పూతలు ప్రైమర్‌ వేసి, ఉప్పుకాగితంతో రుద్దుకుంటుంది. రంగులు ఎండకుండా టిఫిన్‌ డబ్బాలో తడిగుడ్డ పరిచి, దానిపై కాగితం వేసి, ఆ కాగితం మీద కలుపుతుంది. మూత పెడితే మర్నాటికీ పచ్చిగానే ఉంటాయి. మధ్యమధ్యలో నీళ్లు చిలకరించడానికి మొక్కలకు వాడే స్ప్రే సీసానే వాడుతుంది. కుంచె మాత్రం క్షణం కూడా పక్కన పడేయకూడదు. అక్రిలిక్‌ ఆరితే మళ్లీ నీటికి కరగదు, వెంట్రుకలు కట్టెల్లా బిగుసుకుపోతాయి. కడిగిన నీళ్లు మొక్కలకు పోయదు. ‘ఇది ప్లాస్టిక్కే కదా. పాలీహౌస్‌ కప్పూ ప్లాస్టిక్కే. ప్లాస్టిక్‌తో ప్లాస్టిక్‌ని గీస్తున్నా’ అంటుంది.

ఆ కప్పు కింద వెలుతురు గీయడమే అన్నిటికంటే కష్టమైందట. లోపల ఎండ తగలదు, నీడా సరిగా పడదు. అంతా పాలు కలిపినట్టుంటుంది. ఆరిన పూత చెదరదు కాబట్టి దాని మీద మీడియం కలిపిన పలచని తెలుపును ఏడెనిమిది సార్లు పూసి ఆ మసక తెచ్చింది.

తెలుగు నేల నుంచి అక్రిలిక్‌లో పేరు తెచ్చుకున్న తోట వైకుంఠం బొమ్మలను గురువు చూపించడం మలుపు అని చెబుతుంది. కరీంనగర్‌ ప్రాంతంలో 1942లో పుట్టి, బరోడాలో కె.జి.సుబ్రమణ్యన్‌ వద్ద నేర్చుకున్న ఆయన, చివరికి తన పల్లె ఆడవాళ్లనే బొమ్మలకు ఎంచుకున్నారు. ‘ఆయనలా గీయాలని కాదు. ఎక్కడెక్కడో వెతక్కుండా ఇంటి ముందున్నదే చూడొచ్చని ధైర్యమొచ్చింది’ అంటోంది.

పారబోసిన పూలు

ఆరింటిలో అయిదో బొమ్మ వేరు. 2020 లాక్‌డౌన్‌లో బండ్లు ఆగి, పెళ్లిళ్లు ఆగి, కొనే నాథుడు లేక హోసూరు చుట్టుపక్కల రైతులు గులాబీలను పారబోశారు. అప్పుడామెకు పదిహేనేళ్లు. మోకాలి ఎత్తు పూలకుప్ప గుర్తుండిపోయింది. ఆ బొమ్మకు అట్టముక్క పరీక్ష పెట్టలేదు. ఎరుపును ఆరి ముదరనిచ్చింది, దాని మీద మరో పూత, మరో పూత... అంచులు నల్లబడేదాకా. మొదట తప్పుగా వచ్చిన రంగే ఇక్కడ ఒప్పయింది. తల్లి చూసి చాలాసేపు ఏమీ అనలేదు. ‘ఆ నెల కూలి కూడా అట్లనే పోయింది’ అని మాత్రం అంది.

కళాశాల ప్రదర్శనలో తాజా పూల బొమ్మను ఒకరు కొన్నారు. ఆ డబ్బు రంగులకు, బస్సు పాసుకు సరిపోయింది. కుప్ప బొమ్మ ధర ఎవరూ అడగలేదు. ‘అమ్ముడుపోయేవే గియ్యి’ అని తండ్రి సలహా. ఆటో నడిపే ఆయనకు కూతురి చదువయ్యాక నెల జీతం కనిపించాలి. ఆయన మాటను ఆమె తీసిపారేయదు. డ్రాయింగ్‌ టీచరు ఉద్యోగానికైనా సిద్ధమే అంటుంది. కానీ కుప్ప బొమ్మను మాత్రం పక్కన పెట్టనంటోంది. పూలు చూసినవాళ్లు ఆ పూలు ఏమైపోతాయో కూడా చూడాలన్నది ఆమె పట్టు.

సంతకం తెలుగులో

బొమ్మ కింద కుడిమూల తెలుగులో సంతకం ఉంటుంది. అదీ కష్టపడి నేర్చుకున్నదే. తమిళనాడులో 2006లో వచ్చిన చట్టంతో ఒకటో తరగతి నుంచి తమిళం తప్పనిసరి అయింది. తల్లి తెలుగు బడిలో చదివింది. కూతురికి తమిళం, ఇంగ్లిషు చక్కగా వచ్చు. తెలుగు మాట్లాడటమే తప్ప రాయడం రాదు. సన్న కుంచె చేతికిచ్చి అక్షరాలు దిద్దించింది తల్లే. ‘ముగ్గు పెట్టినట్టు తిప్పు’ అని చెప్పిందట. ఇప్పుడు పాత బొమ్మల వెనక వాటి పేర్లు కూడా తెలుగులో రాస్తోంది.

నాలుగో ఏడాదికి ఒకే పెద్ద బొమ్మ వేయాలని ఆలోచన. పూల కట్టల మధ్య కూర్చున్న తల్లి బొమ్మ అది. ఇంతవరకూ వేసినవాటిలో చేతులే ఉన్నాయి, మొహం లేదు. పనిలో ఉండగా తన మొహం గీయొద్దని తల్లి మొదటే చెప్పేసింది. చీర బాగాలేదని, జుట్టు రేగిందని, నలుగురూ చూస్తారని ఆమె సాకులు. కూతురు అడగడం మానలేదు, చాటుగా గీయడమూ లేదు. ‘ఒప్పుకున్న రోజే మొదలుపెడతా. బోర్డుకు ప్రైమర్‌ మాత్రం వేసి పెట్టుకున్నా’ అంటోంది.