సలహా ఇవ్వని వైద్యము

మన ఇండ్లలో సలహాలకు ఏనాడును కరవు లేదు. నిద్రపట్టక అర్ధరాత్రి లేచి వరండాలో పచార్లు చేయువానికి మేనమామ ఒక స్తోత్రమును, పక్కింటివారు గోరువెచ్చని పాలను, ఆఫీసు మిత్రుడు నాలుగు దినముల గోవా యాత్రను, అత్తగారు దిష్టితీతను విధింతురు. ఇన్నిటిని పాటించియు ఫలము గానక తుట్టతుదకు సైకాలజిస్టు గుమ్మము తొక్కినవాడు, ఇతడు అందరికంటెను చదువుకొన్నవాడు గనుక అందరికంటెను మేలైన సలహా ఒకటి ఫీజు పుచ్చుకొని ఇచ్చునని ఆశించుట సహజమే. అచ్చట ముప్పాతిక గంటసేపు తన్నే ప్రశ్నించి, తన మాటలనే కాగితముమీద వ్రాసికొని, "వచ్చే వారం కలుద్దాం" అని పంపివేసినప్పుడు అతడు మోసపోయిన మొగముతో వెలికి వచ్చును. అట్లు వచ్చినవారిలో ఎందరో మరల పోరు. మొదటి దినము ఎట్లుండునో ముందుగా చెప్పినవారెవరును లేకపోవుటయే అందుకు ముఖ్యకారణమని నా తలంపు.

అసలు ఆ గుమ్మము దాకను రానివారి సంఖ్య ఇంతకంటె పెద్దది. బెంగుళూరు నిమ్హాన్స్ సంస్థ 2015-16లో పండ్రెండు రాష్ట్రములలో నడపిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో, పెద్దలలో నూటికి 10.6 మంది ఏదో ఒక మానసిక రుగ్మతతో బాధపడుచున్నట్లును, రుగ్మతా భేదమునుబట్టి వారిలో 70 నుండి 92 శాతము వరకు చికిత్స అందనివారే యైనట్లును తేలినది. ఆ పండ్రెండింటిలో మన రెండు రాష్ట్రములును లేవు. ఉన్నచో లెక్క మనకు అనుకూలముగా మారెడిదని నమ్ముటకు నాకు ధైర్యము చాలదు. "వీణ్ణి ఎర్రగడ్డకు పంపాలి" అను పరిహాసమును హైదరాబాదులో చిన్నపిల్లలు సైతము ఆడుదురు. విశాఖలో చినవాల్తేరు మానసిక చికిత్సాలయమునకును ఆ గౌరవమే దక్కినది. ఆడపిల్ల తల్లిదండ్రులకు దీనిపైన మరియొక భయము: సంబంధము కుదుర్చుకొనవచ్చినవారి చెవిని ఈ మాట పడిన గతి యేమి?

గుమ్మము దాక వచ్చినవారికి ఎవరి గుమ్మమన్నది తరువాతి చిక్కు. సైకియాట్రిస్టు వైద్యవిద్య ముగించి మనోవైద్యమున పై చదువు చదివిన డాక్టరు. మందు వ్రాయు అధికారము అతనిది. క్లినికల్ సైకాలజిస్టు మందు వ్రాయడు. మాటలతోడను, మానసిక పరీక్షలతోడను, అభ్యాసములతోడను చికిత్స చేయును. అతని పేరు 1992 నాటి చట్టముచే ఏర్పడిన భారత పునరావాస మండలి, అనగా వాడుకలో ఆర్.సి.ఐ., పట్టికలో నమోదై యుండవలెను. కౌన్సెలరు అను బోర్డు మాత్రము కొంచెము వదులుగా వ్రేలాడుచున్నది: చక్కగా చదివి, ఏండ్ల తరబడి పెద్దల పర్యవేక్షణమున పనిచేసినవారును దానిక్రింద కలరు; వారాంతపు సర్టిఫికెట్టును గోడకు తగిలించినవారును కలరు. కావున "మీరేం చదివారు? రిజిస్ట్రేషన్ నంబరెంత?" అని అడుగుటకు మొగమాటపడవలదు. యోగ్యుడు ఆ ప్రశ్నకు నొచ్చుకొనడు. నొచ్చుకొన్నచో మీకు కావలసిన సమాధానము దొరికినట్లే.

మొదటి సెషన్ ఇంచుమించు అంతయు చరిత్రసేకరణమునకే సరిపోవును. బాధ ఎప్పుడు మొదలైనది, నిద్ర ఎట్లున్నది, ఆకలి ఎట్లున్నది, ఇంటిలో మరెవరికైన ఇట్టిది వచ్చియుండెనా, మద్యము అలవాటున్నదా, ఇదివరకు ఏ మందులు వాడితిరి అను ప్రశ్నలు వరుసగా వచ్చును. గడచిన రెండు వారముల స్థితినిగూర్చి తొమ్మిది ప్రశ్నలు గల పి.హెచ్.క్యూ.-9 వంటి పత్రము నింపుమందురు. సైకియాట్రిస్టు థైరాయిడ్ పరీక్ష వ్రాసినచో విస్తుపోవలదు. ఆ గ్రంథి మందగించినను మనసు క్రుంగును. "చచ్చిపోవాలని ఎప్పుడైనా అనిపించిందా?" అనియు సూటిగా అడుగుదురు. లేని ఆలోచనను ఈ ప్రశ్న పుట్టించునని వెంటవచ్చిన బంధువులు ఉలికిపడుట కద్దు. అడిగినంతమాత్రమున ఆ తలపు పుట్టదు; ఇన్నాళ్లకు ఈ సంగతి అడిగినవారొకరు దొరికిరని ఊరట చెందినవారే పెక్కుమంది.

చెప్పిన మాట గది దాటిపోవునేమో యన్న శంక సామాన్యమైనది కాదు. మన ఊళ్లలో డాక్టరు, పేషెంటు, మందులదుకాణదారు ముగ్గురును ఒకే పెండ్లి పంక్తిలో కూర్చుండువారు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము 23వ సెక్షను గోప్యతను రోగికి హక్కుగా ఇచ్చినది. ప్రాణహాని ఏర్పడునప్పుడును, న్యాయస్థానము ఆజ్ఞాపించినప్పుడును, మరికొన్ని మితమైన సందర్భములందును మాత్రమే దానికి మినహాయింపు కలదు. ఆ మినహాయింపు లేవియో మొదటి దినముననే చెప్పుట మంచి చికిత్సకుని లక్షణము. బీమాకంపెనీలు మానసిక వ్యాధిని శారీరక వ్యాధితో సమానముగా చూడవలెననియు ఆ చట్టమే శాసించినది. అయినను ఆసుపత్రిలో చేరని చికిత్సకు చాల పాలసీలు పైకమీయవు గనుక, ప్రతి సెషన్‌కు ఫీజెంత, రాలేనిచో ఎంత ముందుగా తెలుపవలెను అను సంగతులు తొలుతనే తేల్చుకొనుట మేలు.

ఈ మాటల వైద్యము మొన్న మొన్నటిది కాదు. వియన్నాలో బ్రాయరు, ఫ్రాయిడు లిరువురు 1895లో ప్రకటించిన గ్రంథమున అన్నా ఓ. అను మారుపేరుతో వర్ణింపబడిన యువతియే దానికా పేరు పెట్టినది. కలకత్తాలో గిరీంద్రశేఖర బోసు 1922లోనే భారత మనోవిశ్లేషణ సంఘమును స్థాపించి ఫ్రాయిడుతో ఉత్తరప్రత్యుత్తరములు జరిపెను. నేడు మన నగరములలో ఎక్కువగా వినవచ్చు సి.బి.టి., అనగా కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ, పద్ధతికి అమెరికాలో ఆరన్ బెక్ 1960వ దశకమున రూపమిచ్చెను. అందు ఇంటిపని ఉండును. కలత కలిగిన క్షణమున మనసులో మెదలిన తలపు ఏది, దానికి సాక్ష్యమేది, ప్రతిసాక్ష్యమేది యని నోటుపుస్తకమున వ్రాసికొని రమ్మందురు. ఆ పుస్తకము తెరవనివాడు వారమునకొకసారి కుర్చీలో కూర్చుండి పొందునది స్వల్పము.

మన సభలలో ఈ ప్రసంగము వచ్చినప్పుడెల్ల అర్జునుని తొలి రోగిగను, కృష్ణుని తొలి కౌన్సెలరుగను కీర్తించుట ఆచారమైనది. దీనికి నేను సమ్మతింపజాలను. గీతలో మాటలాడినది ముఖ్యముగా కృష్ణుడు. ఈ గదిలో ముఖ్యముగా మాటలాడవలసినది అర్జునుడు. పైగా కృష్ణునకు ఏమి చేయింపవలెనో ముందే తెలిసియుండెను. సైకాలజిస్టు మీచేత యుద్ధము చేయింపను రాడు, మాన్పింపను రాడు.

రెండు మూడు సెషన్ల పిమ్మట బాధ తగ్గుటకు మారుగా పెరిగినట్లు తోచవచ్చును. అటక దులిపిన దినమున ఇల్లంతయు దుమ్ముగానే యుండును. ఈ సంగతిని దాచుకొనక చికిత్సకునితోనే చెప్పవలెను. సైకియాట్రిస్టు దిగులునకు మందు వ్రాసియున్నచో, దాని గుణము కనబడుటకు సామాన్యముగ రెండు మొదలు నాలుగు వారములు పట్టునని తెలిసికొనవలెను. కొంత తేలికపడగానే తమంతట తాము మానివేయువారు చిక్కులు కొనితెచ్చుకొందురు. ఎంతకును మనసు కలియని చికిత్సకుని మార్చుకొనుట తప్పుగాదు. మీ యాసలో మీరు ఏడ్వగలిగిన మనిషి దొరికిన నెక్కుడు మేలు.

ఇక పిల్లల సంగతి. మాట ఆలస్యమైన బిడ్డకును, బుద్ధి వికాసము మందగించిన బిడ్డకును కావలసిన స్పీచ్ థెరపీ, ఆక్యుపేషనల్ థెరపీలు వేరు దారివి; వానికై సికింద్రాబాదు మనోవికాస నగరులో 1984 నుండి ఒక జాతీయ సంస్థ పనిచేయుచున్నది. ఇచ్చట నేను చెప్పబోవునది బెంగ, భయము, కోపము, మౌనము పట్టుకొన్న పిల్లలనుగూర్చి.

మొదటి సెషన్‌కు పిల్లవానిని విడిచి తల్లిదండ్రులనే రమ్మనుట తరచు జరుగును. గర్భకాలము మొదలు కాన్పు, నడక, మాట, బడి, చేతిలోని ఫోను వరకు అడుగుదురు. తల్లి చెప్పిన కథకును తండ్రి చెప్పిన కథకును పొత్తు కుదరకుండుట అందరికంటె ముందు వారినే ఆశ్చర్యపరచును. పిల్లవానికి ఏమి చెప్పి తీసికొనిపోవలెనన్నది వారి తరువాతి ప్రశ్న. ఐస్‌క్రీము కొనిపెట్టెదమని బొంకి తీసికొనిపోయినచో ఆ గదిపైనను, మీపైనను వాని నమ్మకము ఒకేసారి పోవును. "చెప్పిన మాట వినకపోతే డాక్టరు దగ్గరికి తీసుకుపోతా" అన్నచో చికిత్స శిక్షగా మారును. "పొద్దున్నే బడికి వెళ్లేటప్పుడు నీకు కడుపునొప్పి వస్తోంది కదమ్మా, పిల్లల బెంగల గురించి బాగా తెలిసిన ఆంటీ ఒకరున్నారు, ముగ్గురం వెళ్లి మాట్లాడదాం, అక్కడ సూదులుండవు" అని ఉన్నదున్నట్లు చెప్పిన చాలును.

తీరా పోయిన పిదప తలుపు సందునుండి చూచిన తండ్రికి లోపల బొమ్మలు, రంగులు, ఇసుకపళ్లెము కనబడును. "ఆడుకోవడానికా ఇంత ఫీజు?" అను మాట నోటిచివరకు వచ్చును. చిన్నపిల్లలు తమ గోడును వాక్యములలో చెప్పలేరు. బొమ్మ తండ్రిచేత బొమ్మ తల్లిని కొట్టించి చెప్పుదురు. వర్జీనియా ఆక్స్‌లైన్ 1947లో వెలువరించిన గ్రంథము ఈ క్రీడాచికిత్సకు పునాదులు వేసిన వానిలో నొకటి. ఆ ఆటయే పిల్లవాని మాట గనుక, కారులో తిరిగి వచ్చుచు "ఏం చెప్పావు, మా గురించి ఏమడిగారు?" అని విచారణ జరుపవలదు.

యౌవనమున అడుగిడిన పిల్లలయెడ ఈ నిగ్రహము మరింత కావలెను. ఇంటర్మీడియట్ హాస్టలునుండి సెలవునకు వచ్చి గది తలుపు వేసికొన్న కుమారుని వెంటబెట్టుకొని పోయిన తండ్రి ఆదిలోనే "ఎంసెట్ లోపల బాగవుతాడా?" అని అడిగినచో, ఆ బాలునికి తన వ్యాధి నిదానము అక్కడికక్కడే వినబడినట్లగును. అతడు చెప్పినదానిలో సారాంశమును మాత్రమే తల్లిదండ్రులకు తెలుపుదురు. ప్రాణాపాయము తోచినను, లైంగిక హింస బయటపడినను దాచరు. రెండవదానిని అధికారులకు తెలుపుట 2012 నాటి పోక్సో చట్టము ప్రకారము తప్పనిసరి.

తల్లిదండ్రులకు మింగుడుపడని భాగము ఇంకొకటి కలదు. నాలుగు సెషన్లు గడచునప్పటికి పని పిల్లవానినుండి వారివైపు మరలును: కేకలు తగ్గింపుడు, రాత్రి భోజనమున మార్కుల ప్రసంగము మానుడు, చేసిన మంచిని పేరుపెట్టి మెచ్చుకొనుడు అని వారికే ఇంటిపని ఇత్తురు. కుటుంబమును విడదీసి మనసును బాగుచేయుట కష్టమని మన దేశమున చాల ముందుగానే గ్రహించిరి. 1950వ దశకమున అమృతసర్ మానసిక చికిత్సాలయాధిపతి డాక్టరు విద్యాసాగర్, ఆసుపత్రి ఆవరణముననే గుడారములు వేయించి రోగుల బంధువులను వారితో నుంచుకొని, చికిత్సలో భాగస్వాములను చేసెను. బిడ్డను అప్పగించి, బాగుచేసి ఇండని బయట ఫోను చూచుకొనుచు కూర్చుండు తల్లిదండ్రులకు ఆ గుడారములు స్మరణీయములు.

పాఠకులకు మనవి: ఒక్క సెషన్‌తో తీర్పు చెప్పవలదు, మూడు నాలుగు చూచి, నచ్చనిచో మనిషిని మార్చుడు. ప్రాణము తీసికొనవలెనన్న తలపే వచ్చుచున్నచో అపాయింట్‌మెంటు దొరకువరకు వేచియుండక, ఇంటిలో ఒకరికి చెప్పి, వెంటనే ఆసుపత్రికి పోవలెను. లేదా 2022 అక్టోబరు 10న కేంద్రప్రభుత్వము ప్రారంభించిన టెలి-మానస్‌కు ఫోను చేయవలెను. దాని సంఖ్య 14416. రేయింబవళ్లు పలుకుదురు, తెలుగులో మాటాడవచ్చును, పైకమేమియు లేదు.