ఆకాశగృహమునకు వచ్చిన అతిథులు

అతిథి వచ్చినచో ఏమి పెట్టుదుమాయని మనము తొందరపడుదుము. భూమికి మూడువందల కిలోమీటర్ల యెత్తున తిరుగాడిన యొక యింటికి వచ్చిన యతిథుల ముచ్చట నేడు చెప్పెదను.

అది సోవియట్ వారు 1982లో నిలిపిన సాల్యూట్ 7. ఎచ్చెర్లనుండి విశాఖపట్టణమునకు బస్సులో రెండు గంటలైనను పట్టును గదా. అంతదూరమును ఆ యిల్లు పదునైదు సెకండ్లలో దాటుచుండెడిది.

1984 ఏప్రిల్ 3న రాకేశ్ శర్మగారు మాలిషెవ్, స్ట్రెకలోవ్ అనువారితో సోయుజ్ టి-11 నెక్కి, మరునాడచ్చటికి చేరిరి. పాటియాలాలో జన్మించినను, హైదరాబాదున సెయింట్ జార్జి గ్రామర్ స్కూలునందును నిజాము కళాశాలయందును చదివినవారు గనుక మనవారనుకొనుటకు మనకు హక్కు కలదు. అప్పటికే యచ్చట కిజీమ్, సొలొవ్యోవ్, వైద్యుడగు అత్కోవ్ కాపురముండిరి. మైసూరు రక్షణ ఆహార పరిశోధనాలయమువారు చేసియిచ్చిన రవ్వ హల్వా, పులావు అందరును పంచుకొనిరి. అచ్చట మెతుకు చేజారినచో క్రిందపడదు, ఇల్లంతయు తేలియాడును! దేహమునకు బరువు తెలియనందున నెత్తురు తలవైపునకెక్కి ముఖము ఉబ్బును. దీనికి యోగాసనములు మేలుచేయునేమోయని శర్మగారు పరీక్షించిరి. తేలిపోకుండ పట్టీలతో బంధించుకొని ఆసనములు వేయవలసివచ్చెను. ఏప్రిల్ 11న క్షేమముగా దిగిరి.

అయితే ఆ యింటికే యంతకుముందొక యాడుపడుచు వచ్చియుండెను. స్వెత్లానా సవిత్స్కయా 1970లో విమానవిన్యాసములందు ప్రపంచవిజేత. 1982 ఆగష్టులో ఆమె లోనికి రాగానే, అప్పుడచ్చటనున్న లెబెదెవ్ వంటచేయునప్పుడు కట్టుకొను ఏప్రను నొకదానిని కానుకగా నిచ్చెను! పరిహాసమే కావచ్చును. కాని మగ యతిథి కెవ్వనికైనను అట్టి కానుక దొరకినట్లు నేను వినలేదు. వంటపని తక్కువదని నా యభిప్రాయము గాదు. విమానములు నడపి వచ్చినదానిని గడపలోనే వంటయింటికి పంపజూచుటయే నాకు నచ్చలేదు.

శర్మగారు తిరిగివచ్చిన మూడు నెలలకు, 1984 జూలైలో, ఆమె మరల వచ్చెను. 25వ తేదీన జానిబెకోవ్‌తో తలుపు తెరచుకొని శూన్యములోనికి వెడలెను. అంతకుముందు ఏ స్త్రీయు అట్లు వెలుపలికి పోలేదు. కీవ్ నగరములోని పాటన్ సంస్థవారు చేసిన పరికరమును చేతబట్టి లోహపు రేకులను కోసెను, అతికెను. ఆ బరువైన చేతితొడుగులతో వ్రేళ్లు ముడుచుటయే కష్టము. శర్మగారికి ఆతిథ్యమిచ్చిన మువ్వురును లోపలనే యుండిరి. తనవంతు ముగియగానే ఆమె పరికరమును జానిబెకోవ్ చేతికిచ్చెను. పిదప ఆతడును ఆ పనులే చేసెను.