కొక్కెం కాయకు, గుణం దుంపకు

ఆఫ్రికా దక్షిణ భాగంలో నమీబియా, బోట్స్వానా, దక్షిణాఫ్రికా దేశాల మీదుగా పరచుకున్న కలహారీ ఇసుక నేలల్లో వానలు పడగానే చిగిర్చి, నేలబారుగా పాకి, బాకా ఆకారపు ఊదా పూలు పూసి, ఎండలు ముదిరేసరికి పైభాగమంతా ఎండిపోయే మొక్క ‘డెవిల్స్ క్లా’. వృక్షశాస్త్రజ్ఞులు హార్పగోఫైటమ్ ప్రొకంబెన్స్ అని పిలిచే ఈ మొక్క నువ్వులూ ఏనుగు పల్లేరూ ఉన్న కుటుంబానికే చెందినది. దీని చెక్కబారిన కాయకు నలువైపులా చేతులు చాచినట్లు కొమ్ములుంటాయి, ప్రతి కొమ్ముకూ వెనక్కి వంగిన ముళ్ళుంటాయి. పశువు కాలికి తగులుకుని దూరం పోయి, తొక్కిడికి పగిలి గింజలు రాల్చడమే దీని సంతాన వ్యాప్తి మార్గం.

చూపును కాయ లాక్కున్నా, మందు మాత్రం నేలలోనే ఉంది. లోతుకు దిగే తల్లివేరు నుంచి పక్కలకు సాగిన వేళ్ళ మీద పిల్లదుంపలు ఊరుతాయి. కలహారీ ఆదివాసులైన సాన్ ప్రజలు తరతరాలుగా వాడిన ఈ దుంపలనే నేడు ముక్కలుగా కోసి, ఎండబెట్టి ఐరోపాకు ఎగుమతి చేస్తున్నారు. వీటిలోని హార్పగోసైడ్ అనే చేదు పదార్థం కనీసం 1.2 శాతం ఉండాలని ఐరోపా ఔషధ ప్రమాణ గ్రంథం నిర్దేశిస్తుంది. స్వల్ప కీళ్ళనొప్పులకు, ఆకలి మందగించినప్పుడు వాడవచ్చని ఐరోపా ఔషధ సంస్థ అంగీకరించినా, అది దీర్ఘకాల వాడుకను బట్టి ఇచ్చిన అంగీకారమే. కడుపులో పుండ్లున్నవారు దీన్ని వాడరాదు.

తల్లివేరును కదిలించకుండా పిల్లదుంపలను మాత్రమే తీసి, గుంత పూడ్చితే మొక్కకు మళ్ళీ దుంపలు ఊరుతాయి, తొందరపడి మొత్తం పెకలిస్తే అంతటితో సరి. నమీబియా దీన్ని 1977లోనే రక్షిత మొక్కగా ప్రకటించడానికి ఈ తవ్వకాల భయమే కారణం.

తెలుగు నేల మీద కొక్కేల కాయ అనగానే గుర్తుకొచ్చేది తేలుకొండి కాయ, అంటే గరుడముక్కు. నల్లగా గట్టిపడి, కొనన రెండు వంకర ముళ్ళతో ఉండే ఈ కాయ మొక్క, మార్టినియా ఆన్యువా, మెక్సికో ప్రాంతం నుంచి వచ్చి ఇక్కడి బీళ్ళలో స్థిరపడింది. ఆంగ్లంలో దీన్నీ ‘డెవిల్స్ క్లా’ అనే వాడుక ఉన్నందువల్ల, కలహారీ దుంపకు చెప్పిన గుణాలను దీనికి అంటగట్టడం సులువు, అది పొరపాటు కూడా. కుటుంబం వేరు, వాడే భాగం వేరు.

ఇలాంటి పొరపాటు జరగకుండా మూలికను ఖాయంగా గుర్తించడం మందుల పరిశోధనలో తొలిమెట్టు. ఎండిన దుంప ముక్కకు ఆకూ పువ్వూ కొక్కెమూ ఏవీ మిగలవు గనుక, సంచిలోని సరుకు ఏదో తేల్చవలసింది సూక్ష్మదర్శిని కింద కనిపించే కణజాలమూ, రసాయన పరీక్షలో తేలే హార్పగోసైడ్ పాలూ మాత్రమే.